హులిగెమ్మకు చెప్పాల్సిన మాట

గుంతకల్లు నుంచి బళ్ళారి అవతలి ఎమ్మిగనూరు పెద్ద దూరమేమీ కాదు. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనాల వేళకు చేరిపోవచ్చు. నాకు మాత్రం ఎనిమిది నెలలు పట్టింది.

బళ్ళారి జిల్లాలో నేను పదకొండేళ్ళు కాపురం చేశాను. పెళ్ళయి ఎమ్మిగనూరుకు పోయినప్పుడు నాకు పద్దెనిమిది. మా ఆయనకు గుంతకల్లులో రైల్వే గ్యాంగు పని దొరికాక సామాను సర్దుకుని వచ్చేశాం. పదో తరగతి పాసైన పుణ్యాన నాకు అంగన్‌వాడీ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు రిటైరయ్యాను. ఇన్నేళ్ళలో ఆ ఊరికి తిరిగి పోయింది రెండు సార్లో మూడు సార్లో. అదీ ఎవరివో పెళ్ళిళ్ళకు, అక్షింతలు వేసి సాయంత్రం రైలుకు వచ్చేసేలా.

ఈసారి పోయింది ఒక మాట చెప్పడానికి. మా అబ్బాయి తిప్పేస్వామి పోయాడు. వాడికి నలభై ఒకటి. మోటార్లకు వైండింగు కట్టే అంగడి వాడిది. స్టూలు మీద కూర్చుని పని చేస్తూ చేస్తూనే పక్కకు ఒరిగాడు. ఆసుపత్రికి చేర్చేసరికి అంతా అయిపోయింది. తెలియాల్సిన వాళ్ళందరికీ ఫోన్లోనే తెలిసింది. ఒక్క మనిషి నంబరు మాత్రం నా దగ్గర లేదు, ఉన్నా ఫోన్లో చెప్పడానికి నాకు నోరు వచ్చేది కాదు. ఆమె హులిగెమ్మ, నా కొడుక్కి పాలిచ్చిన తల్లి.

ఎమ్మిగనూరులో మావాళ్ళంటూ ఎవరూ మిగలలేదు. అందుకే ఆ కబురు దానంతటది అక్కడికి చేరలేదు. చేరి ఉంటే బాగుండునని చాలా రోజులు అనుకున్నాను. ఆఖరికి ఒకరోజు మా కోడలు చీర, తువ్వాలు సంచిలో పెట్టి నా చేతికిచ్చి, "పోయి రా అత్తా. నువ్వు పోకుండా నీకు అన్నం సయించదు" అంది.

హగరి వంతెన

ప్యాసింజరు రైల్లో నా ఎదురుగా జొన్నరొట్టెల మూటతో ఒకామె కూర్చుంది. ఎండబెట్టిన కటిక రొట్టెలు, అప్పడాల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి గుడ్డలో కట్టుకుంది. బళ్ళారిలో ఇళ్ళకు వేస్తుందట. గుంతకల్లులోనూ జొన్నరొట్టె తింటాం గాని ఇలా నెలకు సరిపడా చేసి దాచుకునే అలవాటు మాకు లేదు. నేను చూస్తున్నానని ఒకటి విరిచి, పైన శేంగా చట్నీపొడి చల్లి ఇచ్చింది. శేంగా అంటే వేరుశనగ. ఆ మాట నోట పలికి ఎన్నాళ్ళయిందో.

"యాడికమ్మా పోతాండేది?" అంది.

"ఎమ్మిగనూరుకు. తెలిసినవాళ్ళింటికి."

"పిల్లోళ్ళెంతమంది?"

పొద్దున్నుంచీ ఈ ప్రశ్నకే భయపడుతున్నాను. "ఒక కొడుకు" అన్నాను.

"ఏం చేస్తాండాడు?"

"మోటార్లు బాగు చేస్తాడు."

"మంచి పని తల్లీ. నీళ్ళున్నన్నాళ్ళు మోటార్లుంటాయి" అని ఆమె ఇంకో ముక్క విరిచి ఇచ్చింది. అప్పటికి రైలు హగరి వంతెన మీదికి వచ్చింది. కింద ఏట్లో ఇసుక, ఇసుక మధ్య చారలా నీళ్ళు. పక్కనున్న ముసలాయన ఎవరినో ఉద్దేశించినట్టు, "ఇసుక గూడ తవ్వి తవ్వి తక్కువైపాయ" అన్నాడు. నేను కిటికీలోంచి తల తిప్పలేదు. నేను అబద్ధమాడింది పేరైనా తెలియని మనిషితో. దానికే ఇంత అలసట వస్తే ముందున్నది ఎలా మోయాలో తెలియలేదు.

నిద్రలో దాటిపోయిన ఊరు

బళ్ళారి బస్టాండు బయట ఒగ్గాణి తిన్నాను. నానబెట్టిన మరమరాల తాలింపు, పైన పుట్నాల పొడి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. నలభై రూపాయలు. మా గుంతకల్లులో ఉగ్గాని అంటాం, పేరూ రుచీ కొంచెమే తేడా. ఇక్కడ కారం ఎక్కువ. కళ్ళలో నీళ్ళు వస్తే ఎవరూ ఎందుకని అడగరు, అదొక సుఖం.

బస్సులో ఆడవాళ్ళందరూ ఆధార్ కార్డులు చూపిస్తున్నారు. నేనూ చూపించాను. కండక్టరు అటూ ఇటూ తిప్పి, "ఇదు ఆంధ్రదు అమ్మా. టికెట్ తగోబేకు" అంటూ, టికెట్టు కొనాల్సిందేనని నవ్వాడు. మా ఆంధ్రలో నాకు బస్సు ఉచితమే. గీత దాటితే కాదు. పక్క సీటామె, "మా భాషే మాట్లాడ్తాండావు, నీకు గుడక టికెట్టా!" అని నా తరఫున కాసేపు వాదించింది. టికెట్టు కొన్నాను.

ఆ ఎనిమిది నెలల్లో నాకు పగలు కునుకు పట్టింది లేదు. ఆ బస్సులో మాత్రం మొద్దులా నిద్రపోయాను. లేచి చూస్తే కంప్లి. ఎమ్మిగనూరు ఎప్పుడో వెనక్కి పోయింది. ఆటో మాట్లాడుకుని వెనక్కి వచ్చాను. ఆటో నడిపే అతను నడివయసువాడు, నా అవస్థ విని, "నిద్ర వచ్చినప్పుడు పోవల్లమ్మా. ఊరు యాడికీ పోదు" అన్నాడు.

దారి పొడుగునా నాట్లు జరుగుతున్నాయి. ఒక మడి దగ్గర ఆటో ఆపమన్నాను. మోకాలి లోతు నీళ్ళలో పదిపన్నెండు మంది మగవాళ్ళు. ఎక్కడో బెంగాల్ నుంచి వచ్చారట. వంగిన నడుము ఎత్తకుండా నాటుకుంటూ పోతున్నారు. ఎంత చురుకో! ఒక్కరూ మాట్లాడటం లేదు. గట్టు మీద ఫోన్లో ఎవరిదో పాట మోగుతోంది.

ఈ మళ్ళల్లోనే మేం పద్నాలుగు మంది ఆడవాళ్ళం నాట్లు వేసేవాళ్ళం. ఈరమ్మ మా మేస్త్రి. ఏ రైతు మడికి ఎప్పుడు పోవాలో, ఎవరు ఏ వరస పట్టాలో అంతా ఆమె మాటే. చంటిపిల్లలున్న వాళ్ళు ఎప్పుడూ ముగ్గురో నలుగురో ఉండేవాళ్ళం. తుమ్మచెట్టుకు చీరల ఉయ్యాలలు కట్టి, రోజుకొకరం గట్టు మీద ఉండి పిల్లల్ని చూసేవాళ్ళం. గట్టు మీద ఉన్నామె వరస మిగతా వాళ్ళందరం కలిసి నాటేవాళ్ళం. మధ్యాహ్నం ఎవరి సద్ది వాళ్ళు తినడం మా ఈరమ్మ ఒప్పుకునేది కాదు. ఒక గుడ్డ పరిచి అందరి అన్నం దాని మీద కుమ్మరించి, అందరి పులుసులూ చుట్టూ పెట్టేది. కులాలు వేరు. ఇళ్ళకు పోయాక ఒకరింట్లో ఒకరం నీళ్ళు కూడా తాగేవాళ్ళం కాము. గట్టు మీద మాత్రం ఒకే కుప్ప.

అవన్నీ బంగారు రోజులని చెప్పను. కాలివేళ్ళ సందులు పాచి నెత్తురు కారేవి. వేపనూనె, పసుపు రాసుకుని మళ్ళీ నీళ్ళలో దిగేవాళ్ళం. వరస దగ్గర జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి.

తిప్పేస్వామి పుట్టిన ఇరవయ్యో రోజున నాకు విషజ్వరం పట్టుకుంది. నెలన్నర మంచంలో ఉన్నాను. పాలు ఇంకిపోయాయి. మా జట్టులోని హులిగెమ్మకు అప్పటికి నాలుగో నెల నడుస్తున్న ఆడపిల్ల, గంగమ్మ. ఆమె ఎవరూ అడక్కుండానే మా ఇంటికి వచ్చి, మా అత్త అడ్డం నిలబడితే, "పాలకేం కులం అత్తా? పసిబిడ్డకు ఆకలైతాంది, పక్కకు జరుగు" అని వాణ్ణి ఒళ్ళోకి తీసుకుందట. నేను తెలివిలో లేను, తర్వాత విన్నాను. నాలుగు నెలలు ఇద్దరికీ ఇచ్చింది. పనిలోకి వచ్చినప్పుడూ అంతే. మధ్యాహ్నం గట్టు మీద ఒక వైపు గంగమ్మ, ఒక వైపు మావాడు.

ఈరమ్మ పంచలో

ఈరమ్మకు డెబ్బై అయిదు దాటాయి. మట్టిమిద్దె పోయి స్లాబు ఇల్లు వచ్చింది. పంచలో కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. నన్ను చూసి కాసేపు కళ్ళు చికిలించి, "సరోజవా?" అంది. చూపు తగ్గింది గాని గొంతు మేస్త్రి గొంతే.

హులిగెమ్మ ఏదని అడిగాను.

"ఆయమ్మ ఈడ లేదు. మొగుడు పోయినాక హచ్చొళ్ళిలో కూతురి తావ ఉండాది. మనోళ్ళు ఎవురుండారే ఇంగ? పద్నాలుగు మందిలో ఆరుమంది పాయిరి. మిగిలినోళ్ళు ఎవురి పిల్లల ఊర్లకు వాండ్లు. ఈడ నేనొక్కదాన్నే."

చెప్పేసి బయటపడదామనుకున్న మాటకు ఇంకో రోజు ప్రయాణం మిగిలింది. అక్కడే కూలబడి ఈరమ్మకు చెప్పేశాను. ఎనిమిది నెలల్లో ఎన్నిసార్లు చెప్పానో, ఆ నాలుగు వాక్యాలు ఇప్పుడు ఎవరివో అయినట్టు వరసగా వచ్చేస్తాయి.

ఈరమ్మ చింతపండు చేత్తోనే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, "హులిగికి తెలుసా?" అంది.

"తెలీదక్కా. నువ్వు చెప్తావేమో అని..."

"నేనెట్ల చెప్తానే? అది నీ నోట్లోనే రావల్ల. రేపు నేను గుడక వస్తా. నాకు బస్సు ఉచితమే గదా."

ఆ మాటకు ఇద్దరం నవ్వాం. నవ్వినందుకు నాకు తర్వాత సిగ్గేసింది. ఆమె కోడలు వేడివేడి రొట్టె, వంకాయ ఎణ్ణెగాయి పెట్టింది. చిన్న వంకాయల్లో నువ్వులు, వేరుశనగ పొడి కూరి నూనెలో మగ్గించేది. ఆకలి లేదంటూనే రెండు రొట్టెలు తిన్నాను.

సిరుగుప్పలో తెగిన చెప్పు

మర్నాడు రెండు బస్సులు మారాం. సిరుగుప్ప బస్టాండులో దిగుతుంటే నా ఎడమ చెప్పు ఉంగటం తెగింది. చెప్పులు కుట్టే ముసలాయన దారాన్ని మైనంలో లాగుతూ, "ఈ చెప్పుకు పానం లేదమ్మా. ఎన్ని ఊర్లు తిప్పినావు దీన్ని?" అన్నాడు. రెండూళ్ళే అన్నాను. ఇరవై రూపాయలు తీసుకుని గట్టిగా కుట్టిచ్చాడు.

హచ్చొళ్ళి బస్సు కోసం బల్ల మీద కూర్చున్నప్పుడు ఈరమ్మ అడిగింది, "వాడు చచ్చిపోయినప్పుడు మీ వీధోళ్ళు చూసుకొనిరా నిన్ను?"

మా కాలనీలో అందరూ మంచివాళ్ళే. వచ్చారు, నిలబడ్డారు, చేతులు కట్టుకుని కాసేపు ఉండి పోయారు. పదకొండో రోజు భోజనాలు వంటవాళ్ళకే అప్పగించాం. పన్నెండో రోజు నుంచి ఎవరి తలుపు వాళ్ళు వేసుకున్నారు. అదే చెప్పాను. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పలేదు. నేనైనా అంతే చేసి ఉంటాను, అంతే చేశాను కూడా.

"హూఁ" అంది ఈరమ్మ.

హచ్చొళ్ళి

ఊరంతా కాలువ నీటి పచ్చదనం. హులిగెమ్మ ఇంటి ముందు వడ్ల బస్తాలు. అక్కడే గంగమ్మ ఎదురైంది. మావాడి వయసుదే, మూడు నెలలు పెద్ద. జుట్టు అక్కడక్కడా నెరిసింది. వాడికీ అలాగే నెరిసింది. ఆమెను చూడగానే నాకు దుఃఖం ఆగలేదు. గొడ్లపాక పక్కకు తీసుకుపోయి ఆమెకు చెప్పాను.

గంగమ్మ పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుంది. "చిన్నమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా. అమ్మకు చెప్పద్దు. పోయినేడు పడిపాయ. బీపీ జాస్తి ఉండాది. డాక్టరు చెప్పినాడు, గాబరా పడే మాట చెప్పద్దని. వాని పేరెత్తని దినం ల్యాదు ఆయమ్మకు."

"దాచేది తప్పు గంగీ" అంది ఈరమ్మ.

"తప్పయితే నాది. ఆయమ్మకేమన్నా అయితే నువ్వొచ్చి చూస్తావా?"

నేను సరేనన్నాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగానే అనిపించింది. చెప్పకపోవడానికి ఒక కారణం దొరికింది.

హులిగెమ్మ లోపల నులకమంచం మీద కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూడగానే లేవబోయింది. "నా కొడుకు రాలేదా?" అదే మొదటి మాట. నేను ఎట్లున్నానని కూడా అడగలేదు.

"పని ఉండాదక్కా. రాలేదు."

"ఎట్లుండాడు?"

"బాగుండాడు."

"లావైనాడా? చిన్నప్పుడు పిట్ట మాదిరి ఉండె."

"బొజ్జ వచ్చింది."

"ఇంగా చెరుకు అంటే పానమిడుస్తాడా?"

"ఇప్పుడు కూడా అంతే."

నేను చెప్పినవన్నీ ఎనిమిది నెలల కిందటి నిజాలే. ఒక్కొక్కటీ చెప్తుంటే వాడు మా ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంది. ఆమె అడగడం ఆపకూడదనీ అనిపించింది, వెంటనే ఆపేయాలనీ అనిపించింది. గంగమ్మ గడప దగ్గర నిలబడి మావైపు చూడకుండా బియ్యం చెరుగుతోంది.

అన్నం పెట్టారు. పుండికూర పప్పు, చల్లమిరపకాయలు. మా గోంగూరనే వీళ్ళు పుండికూర అంటారు. హులిగెమ్మ తన పళ్ళెంలో అన్నం కలుపుతూ కలుపుతూ ఆగింది.

"ఒగ తూరి ఫోన్ చేసి ఇయ్యి సరోజా. వాని గొంతు ఇంటాను. పనిలో ఉంటే ఉండనీ, ఒగ మాట. అమ్మా అంటే సాలు."

గంగమ్మ చప్పున, "సిగ్నల్ రాదు మా ఇంట్లో" అంది. 

"నీ మొగుడు దినామూ ఈడే కూచొని మాట్లాడ్తాడు గదా" అంది హులిగెమ్మ. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. "చెయ్యి సరోజా."

ఫోను చేతిలోకి తీసుకున్నాను. వాడి నంబరు ఇంకా అందులోనే ఉంది. వాడి పేరు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. ఎంతసేపో తెలియదు.

"లేడక్కా" అన్నాను.

"యాడికి పోయినాడు?"

"లేడు. ఎనిమిది నెల్లయింది. గుండె ఆగిపోయింది. అంగట్లోనే."

గంగమ్మ చేట వదిలేసి వచ్చి తల్లి భుజాలు పట్టుకుంది. హులిగెమ్మ కేక పెట్టలేదు. కలిపిన అన్నాన్ని పళ్ళెంలోనే వదిలి, చేతికంటిన మెతుకులు ఒక్కొక్కటే తీసేసింది. కూతురి చేతులు పక్కకు తోసి లేచింది. గోడ పట్టుకుని నడుచుకుంటూ పెరట్లోకి పోయింది. అక్కడ తొట్టి నిండా నీళ్ళున్నాయి. చెంబు ముంచి, కట్టుకున్న చీరతోనే నెత్తిన కుమ్మరించుకుంది. ఒకటి. రెండు. మూడు.

మా వైపు దగ్గరి రక్తసంబంధీకులు పోయిన వార్త వింటే అలా తలకు పోసుకుంటారు. అక్కడా అంతే. పరాయివాళ్ళ కోసం ఎవరూ పోసుకోరు.

"అమ్మా, జ్వరం వస్తాది. మనకు మైల లేదు గదా, వాళ్ళ కులం వేరే గదా" అని గంగమ్మ ఏడుస్తూ చెంబు లాక్కోబోయింది.

"నా పాలు తాగినోడు" అంది హులిగెమ్మ. నీళ్ళు ముఖం మీంచి కారుతున్నాయి. "నువ్వొగ పక్క, వాడొగ పక్క. నీకు గుడక ఉండాది మైల. రా."

గంగమ్మ అలాగే నిలబడింది. తర్వాత వెళ్ళి తల్లి పక్కన గచ్చు మీద కూర్చుంది. హులిగెమ్మ చేతిలోంచి చెంబు నేను తీసుకున్నాను. నీళ్ళు ముంచి గంగమ్మ తలమీద పోశాను. ఈరమ్మ కూడా వచ్చి, "నాకు గుడక ఒగ చెంబు పొయ్యే. గట్టు మీద వాణ్ణి నేనెన్నిసార్లు ఎత్తుకోలేదు" అంటూ వాళ్ళ పక్కన కూర్చుంది. అప్పుడు ఏడ్చింది హులిగెమ్మ. గట్టిగా, వీధంతా వినబడేలా.

మూడు దినాలు

ఇన్ని నెలల తర్వాత తెలిస్తే స్నానంతో సరిపోతుందని ఊరి పెద్దాయనెవరో చెప్పారు. "వాండ్లకు సరిపోతాది. నాకు సరిపోదు. నాకు ఈపొద్దే కదా చచ్చిపోయినాడు" అంది హులిగెమ్మ. మూడు రోజులు మైల పట్టింది. నన్నూ ఈరమ్మనూ ఉండమంది. మందులు మాత్రం గంగమ్మ వేళకు మింగిస్తూనే ఉంది. చెప్పొద్దన్నా చెప్పినందుకు ఆమె నన్ను ఏమీ అనలేదు.

మైల ఇంట్లో పొయ్యి ముట్టించరు. పక్కింటివాళ్ళు అన్నం తెచ్చారు. ఎదురింటి ఖాసింబీ రెండు పూటలా చాయ్ తెచ్చింది. వాళ్ళెవరూ మా తిప్పేస్వామిని చూడలేదు, పేరైనా వినలేదు. ఎవరు పోయారని అడిగితే గంగమ్మ ప్రతి ఒక్కరికీ ఒకే మాట చెప్పింది.

"మా తమ్ముడు."

వచ్చినవాళ్ళు వసారాలో కూర్చుని వాడి గురించి అడిగేవాళ్ళు. ఏం పని, ఎంతమంది పిల్లలు, ఏమంటే ఇష్టం. నేను చెప్పేదాన్ని. ఈసారి అన్నీ 'ఉండేవాడు, తినేవాడు' అనే చెప్పాను. మా కాలనీలో ఆ ప్రశ్నలు ఎవరూ అడగలేదు, నన్ను బాధపెట్టకూడదని. ఈ మనుషులకు ఆ మొహమాటం లేదు. రెండో రోజుకు నా గొంతు బొంగురుపోయింది.

మూడో రోజు తలస్నానాలయ్యాక హులిగెమ్మ మమ్మల్ని సాగనంపడానికి వీధి చివర బస్సు ఆగే చోటిదాకా వచ్చింది. వద్దంటే వినలేదు. గంగమ్మ భుజం పట్టుకుని మెల్లగా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. బస్సు రావడం కనిపించాక నా సంచి సర్ది నా భుజానికి తగిలించింది.

"ఇంగో తూరి ఊరికే రా సరోజా" అంది. "ఏం చెప్పేకీ రావద్దు. ఊరికే రా."